పదిహేడో ప్రశ్నకు రెండు జవాబులు

ప్రసన్నకుమారి మేడం కాపురం చంద్రగిరిలో. ఉద్యోగం తిరుపతిలో, గగనశిఖర టెక్నో స్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెప్పడం. వయసు నలభై రెండు. మనిషి మెత్తన, మాట నెమ్మది. ఆమెకున్న జబ్బు ఒక్కటే, తప్పు కనబడితే దాన్ని దాటుకుని పోలేదు. పెళ్ళి పత్రికలో తేదీకీ వారానికీ పొంతన కుదరకపోతే పెళ్ళివారికి ఫోన్ చేసి చెబుతుంది. హోటల్ బోర్డు మీద అక్షరం తప్పుంటే, ఎదురుగా దోసె చల్లారిపోతున్నా సరే, సర్వర్‌ను పిలిచి చూపిస్తుంది. ఆమె భర్త ప్రతాప్‌కు కోటకు పోయే దారిలో జిరాక్సు అంగడి ఉంది. భార్య అంగట్లోకి వస్తోందంటే అతను జనం ఇచ్చిన అర్జీలన్నీ గబగబా బోర్లా తిప్పి పెట్టేవాడు. ఆమె చదవడం మొదలుపెడితే ఒక్క కాపీ కూడా బయటికి పోదని అతని భయం.

ఆమె పుట్టింది నగరిలో. తండ్రి మునిరత్నం మరమగ్గం మీద లుంగీలు నేసేవాడు. ఏడో తరగతిలో ఉన్నప్పుడు అయ్యవారు నల్లబల్ల మీద, మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ అని రాశాడు. ఎందుకు సార్ అని అడిగింది. అది అంతే అన్నాడాయన. అంతే ఎందుకు సార్ అని మళ్ళీ అడిగింది. ఆ పీరియడంతా బెంచీ మీద నిలబడింది. సాయంత్రం ఇంటికొచ్చి మగ్గం చప్పుడులో గొంతు పెంచి అదే ప్రశ్న తండ్రిని అడిగింది. ఆయన మగ్గం ఆపి, "నాకు తెలీదు మా. నువ్వు తెలుసుకోనొచ్చి నాకు చెప్పు" అన్నాడు.

తెలుసుకోవడానికి ఆమెకు ఎనిమిదేళ్ళు పట్టింది. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఒక మధ్యాహ్నం కాలేజీ లైబ్రరీలో ఆ సంగతి ఆమెకు అర్థమైంది. ఆ వారమే రైలెక్కి నగరికి పోయి, నూలు కండెలు నేల మీద పరిచి తండ్రికి చెప్పింది. లేనిదాన్ని తీసేయడమంటే ఏమిటో, అప్పు పెట్టినదాన్ని రద్దు చేస్తే చేతికేమొస్తుందో ఆయన ఓపికగా విన్నాడు. "ఇంతేనా? దీనికా నిన్ను బెంచీ ఎక్కించింది?" అన్నాడు. తాను లెక్కల టీచరు కావాలని ఆమె ఆ పూటే అనుకుంది. సర్కారు కొలువుకు రెండుసార్లు పరీక్ష రాసి, రెండుసార్లూ అంచుదాకా వచ్చి ఆగిపోయింది. పెళ్ళయి చంద్రగిరికి వచ్చాక గగనశిఖరలో చేరింది.

గగనశిఖరకు చుట్టుపక్కల పద్నాలుగు బ్రాంచీలున్నాయి. ఆమె పనిచేసేది నాలుగంతస్తుల భవనం. ఆటస్థలం లేదు గానీ ప్రహరీ గోడ లోపలి వైపు పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్న పెద్ద బొమ్మ వేయించారు. ఛైర్మన్ దేవరాజులు మొదట బోరు లారీలు తిప్పేవాడు. భూమిలో నీళ్ళు తగ్గి పిల్లలు పెరుగుతున్న సంగతి అందరికంటే ముందు గ్రహించి ఈ వైపు వచ్చాడు. ఆయన కింద చక్రధర్ అకడమిక్ కోఆర్డినేటరు. ఎండాకాలం ఊళ్ళ వెంట తిరిగి పిల్లల్ని చేర్పించే పనికి చేరి, ఒకే ఏడు మూడు వందల మందిని చేర్పించాడు. ఇంతమందిని తెచ్చినవాడికి వాళ్ళకు ఏం చెప్పాలో కూడా తెలిసే ఉంటుందని ఛైర్మన్ ఆయన్ని పైకెక్కించాడు. పాఠాలకు నిమిషాల లెక్కన టైంటేబుల్ వేయడం చక్రధర్ కనిపెట్టిన పద్ధతే. దాని ప్రకారం విభాగ న్యాయానికి నలభై నిమిషాలు, సజాతి పదాలకు ఇరవై, సందేహాలకు మూడు. జూన్‌లో బడి తెరిస్తే జూలై ఆఖరుకు సగం పుస్తకం అయిపోవాలి.

ఆయన "స్పీడ్ ట్రిక్స్" అని ఒక పుస్తకం కూడా వేయించాడు. మొదటి ఎనిమిది పేజీలు ఛైర్మన్ ఫొటోలు, సందేశాలు. తొమ్మిదో పేజీలో మొదటి చిట్కా ఉంది: "బ్రాకెట్ బయటి సంఖ్యతో లోపలివాటిని గుణించు. లోపలి గుర్తులను అట్లే దించు." బ్రాకెట్ ముందు ప్లస్ ఉన్నంత వరకు ఆ చిట్కా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మైనస్ ఉన్నప్పుడు ఏం చేయాలో పుస్తకంలో లేదు. అప్పటికి చిట్కాలకు కేటాయించిన పేజీలు అయిపోయాయి.

ప్రసన్నకుమారి ఆ నలభై నిమిషాల పాఠానికి నాలుగు రోజులు తీసుకుంది. ఇంటికి ముగ్గురు చుట్టాలొచ్చారు, ఒక్కొక్కరికి రెండు ఇడ్లీలూ ఒక వడా పెట్టమన్నారు, మీరు ఇడ్లీలు ముగ్గురికీ పెట్టి వడ మాత్రం మొదటాయనకే పెట్టారు, ఏమవుతుంది అని అడిగింది. గొడవవుతుంది మేడం అన్నారు పిల్లలు. బ్రాకెట్ బయట ఉన్న మూడు లోపల ఉన్న ప్రతిదానికీ పోవాలి, విభాగ న్యాయం చెప్పేది అదే అంది. ఆరు ఇడ్లీలు, మూడు వడలు అయ్యాక రెండూ కలిపి తొమ్మిది ఇడ్లీలని ఎవరూ అనరు గదా, సజాతి పదాలంటే అదే అంది. మైనస్ దగ్గరికి వచ్చేసరికి ఇంకో రెండు రోజులు ఆగింది. చివర ఒక అలవాటు నేర్పింది. జవాబు రాగానే x దగ్గర ఏదో ఒక సంఖ్య పెట్టి, ప్రశ్నా జవాబూ ఒకే విలువ ఇస్తున్నాయో లేదో చూసుకోవాలి. సరిపోకపోతే ఎక్కడో తప్పు చేసినట్టు. టీచరు కోసం కూర్చోనక్కర్లేదు, మీ తప్పు మీరే పట్టుకోవచ్చు అని చెప్పింది.

జూలై చివరి శనివారం పద్నాలుగు బ్రాంచీలకూ కలిపి ఏడో తరగతి పరీక్ష జరిగింది. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. పదిహేడో ప్రశ్న ఇది: 5(x + 3) − 2(x − 4)ను సూక్ష్మీకరించండి. ఎ) 3x + 7, బి) 3x + 23, సి) 3x − 1, డి) 26x.

సోమవారం ఫలితాలు వచ్చాయి. ప్రసన్నకుమారి సెక్షన్‌లో ముప్పై ఎనిమిది మందిలో ముప్పై ఒక్కరు "బి" పెట్టారు. హెడ్డాఫీసు కీ ప్రకారం జవాబు "ఎ". ఆమె సెక్షన్ బ్రాంచీలో అట్టడుగుకు పోయింది. పక్క సెక్షన్‌లో కోమలి మేడం చిట్కా పుస్తకం తొమ్మిదో పేజీని బట్టీ పట్టించి ఉంది కాబట్టి అక్కడ అందరికీ నాలుగేసి మార్కులొచ్చాయి. ఉదయం ప్రార్థనలో కోమలికి శాలువా కప్పారు. కోమలి మంచి మనిషి. శాలువా కప్పుతున్నంతసేపూ ప్రసన్నకుమారి వైపు చూడలేక తల వంచుకుంది.

చక్రధర్ ప్రసన్నకుమారిని గదికి పిలిపించాడు. సెక్షన్ ఇంతగా పడిపోవడానికి కారణం రాతపూర్వకంగా ఇవ్వమన్నాడు. ఆమె పెన్ను తీయలేదు.

"సార్, కీ తప్పు. మా పిల్లోళ్ళు రాసిందే సరి" అంది.

"కీ ఎట్ల తప్పవుతాది మేడం? సరైన జవాబునే గదా కీ అంటారు."

ఆమె కాగితం మీద లెక్క వేసి చూపించింది. రెండును మైనస్ నాలుగుతో గుణించి, దాన్ని తీసివేస్తే ఎనిమిది కలుస్తుంది గానీ పోదని చెప్పింది. ఆయన ఆ కాగితం వైపు మర్యాదగా చూశాడు. నమ్మకం కుదరలేదని తెలిసి ఆమె x దగ్గర నాలుగు పెట్టింది. ప్రశ్న విలువ ముప్పై ఐదు వచ్చింది. "బి" విలువ ముప్పై ఐదు వచ్చింది. "ఎ" విలువ పంతొమ్మిది.

చక్రధర్ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. "నాలుగే ఎందుకు పెట్టినారు? ప్రశ్నలో నాలుగు పెట్టమని యాడుండాది?" అన్నాడు.

ఏదైనా పెట్టొచ్చని, నాలుగు పెడితే రెండో బ్రాకెట్ సున్నా అయిపోయి పని తగ్గుతుందని ఆమె చెప్పింది.

"ఏదైనా పెట్టొచ్చు గదా. అట్లయితే కీ సరిపోయే సంఖ్య ఒకటి చూసి పెట్టండి."

"అట్లాంటి సంఖ్య లేదు సార్."

"వెతికితే ఉంటాది మేడం. తొందరేం లేదు, బుధవారం దాకా టైం తీసుకోండి."

ఆమె బయటికి వచ్చి మెట్ల మీద కాసేపు నిలబడింది. కోపం రాలేదు. చిన్నప్పుడు ఎక్కిన బెంచీ మాత్రం మళ్ళీ ఎక్కినట్టయింది. ఇంటికి పోయి ప్రతాప్‌కు చెబితే, అతను అంతా విని, ఏడుకూ ఇరవై మూడుకూ మధ్య ఏదో ఒకటి చూసి సర్దుకోకూడదా అని అడిగాడు. ఆ పూట అన్నం అతనే వడ్డించుకున్నాడు.

కీ మార్చడానికి అసలు అడ్డంకి వేరే ఉంది. ఫలితాలు రాకముందే ఫ్లెక్సీ రోడ్డెక్కింది. పద్నాలుగు బ్రాంచీల్లోనూ మొదటి ర్యాంకు రూపశ్రీ అనే అమ్మాయిది. కోమలి సెక్షన్. బస్టాండుకు ఎదురుగా రెండంతస్తుల ఎత్తున ఆ పాప ఫొటో, పక్కన ఛైర్మన్ ఫొటో, కింద "నూటికి నూరు" అన్న అక్షరాలు. పదిహేడో ప్రశ్నకు జవాబు మారితే నూరు తగ్గుతుంది. బట్ట మీద అచ్చయిన నూరును తగ్గించడం కుదరదు.

ప్రసన్నకుమారి బుధవారం చక్రధర్‌కు సంఖ్య ఇవ్వలేదు. హెడ్డాఫీసుకు ఉత్తరం రాసింది. దాని మీద ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. బస్సులు చూసుకునే ఇన్‌ఛార్జి ఒకరు, యూనిఫారాలు చూసుకునే ఇన్‌ఛార్జి ఒకరు, ఛైర్మన్ బావమరిది ఒకరు. ఎవరి వైపూ మొగ్గకూడదని లెక్కల వాళ్ళను ఎవరినీ పెట్టలేదు. కమిటీ రెండు రోజులు కూర్చుని సర్క్యులర్ పంపింది. విద్యార్థుల సృజనాత్మకతను గౌరవిస్తూ పదిహేడో ప్రశ్నకు "ఎ", "బి" రెండూ సరైన జవాబులుగా పరిగణించడమైనది.

దాంతో గొడవ సద్దుమణుగుతుందని అనుకున్నారు. అప్పుడే మొదలైంది. రెండు జవాబులు సరైనవైతే మా పిల్లలు చేసిన పాపమేమిటని "సి" పెట్టిన పిల్లల తల్లిదండ్రులు వచ్చారు. వాళ్ళను చూసి "డి" పెట్టినవాళ్ళూ వచ్చారు. శనివారం మధ్యాహ్నం మూడో అంతస్తు హాల్లో ఛైర్మన్ సమావేశం పెట్టాడు. రూపశ్రీ తండ్రి మునికృష్ణ కూడా వచ్చాడు. ఆయనకు దామలచెరువులో మామిడికాయల మండీ ఉంది. సీజను ఆఖరి లోడు పంపించి, చొక్కా మీద సొన మరకలతో తిన్నగా అక్కడికే వచ్చాడు. కూతురి మొదటి ర్యాంకులో పంతొమ్మిది మంది వాటాకొచ్చారని విని మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

ఛైర్మన్ దేవరాజులు మైకు తీసుకుని, తాను లెక్కలు పెద్దగా చదువుకోలేదని, అయినా లోకజ్ఞానం ఉందని మొదలుపెట్టాడు.

"సూక్ష్మీకరించండి అంటే చిన్నది చేయమనే గదా. మరి మూడు x, ఇరవై మూడు అని రెండు ముక్కలుగా ఎందుకు వదిలిపెట్టినారు? రెండూ కలిపేస్తే ఇరవైయారు x. ఒక్క ముక్కలో అయిపోతాది. డి ఆప్షన్లో ఉండనే ఉండాది. నన్నడిగితే అదే సరనిపిస్తా ఉండాది" అన్నాడు.

"డి" పెట్టిన పిల్లల తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. చక్రధర్ డైరీ తీసి "డి" అని రాసుకుని కింద గీత గీశాడు.

ప్రసన్నకుమారి లేచి నిలబడింది. బోర్డు దగ్గరికి పోలేదు. ముందు వరసలో ఉన్న మునికృష్ణ వైపు తిరిగి, మీ మండీలో క్రేటుకు ఎన్ని కాయలు పెడతారని అడిగింది.

"కాయ సైజును బట్టి ఉంటాది మేడం. ఇన్నని చెప్పలేం."

"చెప్పలేం గాబట్టి x అనుకుందాం. మీ దగ్గర ఐదు క్రేట్లు ఉండాయి. ఒక్కో దాంట్లో నిండా x కాయలు, పైన ఇంకో మూడేసి కాయలు ఎక్కువ పేర్చినారు. వాటిల్లోంచి రెండు క్రేట్లు పంపాల. కానీ పంపే ఆ రెండిట్లో xకు నాలుగేసి కాయలు తక్కువ పెట్టి పంపినారు. మీ కాడ మిగిలిందెంత?"

మునికృష్ణ కాగితం అడగలేదు. కళ్ళు సగం మూసి, వేళ్ళ కణుపుల మీద బొటనవేలు నడిపించాడు.

"ఐదు మూళ్ళు పదిహేను, అవి పైకాయలు. క్రేట్లు రెండు పోతాయి, మూడు నిలబడతాయి. పంపిన రెండిట్లో నాలుగేసి తక్కువ పెట్టినాం గదా, ఆ ఎనిమిది యాడికీ పోలేదు, మన కాడనే ఉండాయి. పదిహేను, ఎనిమిది, ఇరవై మూడు. మూడు క్రేట్లు, ఇరవై మూడు విడికాయలు మేడం."

హాల్లో కొంతమంది తమ వేళ్ళ మీద తాము లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టారు.

ఆమె మెల్లగా, "మరి ఇరవైయారు క్రేట్లు అనొచ్చా?" అని అడిగింది.

"అంటే మద్రాసు సేటు నన్ను మండీ స్తంభానికి కట్టేస్తాడు."

జనం నవ్వారు. ఛైర్మన్ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా. అప్పుడు మునికృష్ణకు తాను ఏం చెప్పాడో మెల్లగా తెలిసివచ్చింది. నవ్వు ఆగిపోయింది. ఇరవై మూడంటే "బి". తన కూతురు పెట్టింది "ఎ". ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"మా పాప తప్పే రాసింది సార్. ఎనిమిది కాయలు ఎక్కువ రావాల్సిన చోట ఎనిమిది తీసేసింది, మొత్తం పదహారు కాయలు మాయం. ర్యాంకు తీసేయండి, నాకేం బాధ లేదు. ఫ్లెక్సీ మాత్రం వచ్చే ఆదివారం దాకా ఉండనీండి. మా బామ్మర్ది చిత్తూరు నుంచి చూసేదానికి వస్తాండాడు" అన్నాడు.

ఛైర్మన్ ఆ విన్నపాన్ని అక్కడికక్కడే మన్నించాడు. మిగతా విషయం సాయంత్రానికి తేల్చారు. పదిహేడో ప్రశ్నను రద్దు చేసి, రాసినవాళ్ళకూ రాయనివాళ్ళకూ అందరికీ నాలుగేసి మార్కులు కలిపారు. దాంతో మొదటి ర్యాంకులు ఇరవై రెండు తేలాయి. ఆదివారం గడిచాక కొత్త ఫ్లెక్సీ కట్టారు. ఇరవై రెండు మొహాలు పట్టాలి, ఛైర్మన్ ఫొటో తగ్గకూడదు. రూపశ్రీ మొహం తపాలా బిళ్ళంత అయింది. సరైన జవాబు ఏమిటన్నది మాత్రం ఆ ఫ్లెక్సీలో గానీ, ఏ సర్క్యులర్‌లో గానీ రాలేదు.

ప్రసన్నకుమారికి శిక్ష వేయలేదు. ఆమెను పైకెక్కించారు. హెడ్డాఫీసులో "కీ పరిశీలన విభాగం" అని కొత్తగా పెట్టి, దానికి ఆమెను అధికారిని చేశారు. విభాగంలో మనుషులు ఆమె ఒక్కతే. యూనిఫారాల స్టోరు వెనక ఒక గది, కొత్త బట్టల గంజి వాసన, కిటికీ లేదు. క్లాసులు తీసేశారు. పిల్లల ముందు నిలబడని మొదటి వారం ఆమెకు అన్నం సయించలేదు. కానీ పని పనే అనుకుని, పద్నాలుగు బ్రాంచీల కీలు ముందేసుకుని ఒక్కొక్కటీ మొదటినుంచి చేసి చూసింది. యాభై ఏడును ప్రధాన సంఖ్యల్లో చేర్చారు ఒకచోట. ఒక త్రిభుజంలో కోణాలు కలిపితే రెండు వందల పది వచ్చాయి. 4(2x − 5)కు 8x − 5 అని ఆరో తరగతి కీలో ఒకసారి, ఏడో తరగతి కీలో ఒకసారి ఉంది. మొదటాయనకు వడ పెట్టి తక్కినవాళ్ళను మాడ్చే పద్ధతి సంస్థలో బాగానే పాతుకుపోయిందని ఆమెకు తెలిసింది. ఐదు వారాల్లో అరవై ఒక్క తప్పులు పట్టి, ఎర్రసిరాతో దిద్ది, తేదీలతో సహా పట్టిక రాసి పంపింది.

నెలాఖరు సమావేశంలో చక్రధర్ ఆ పట్టికను తెర మీద బొమ్మగా వేయించాడు. ఏప్రిల్‌లో తప్పులు సున్నా. జూన్‌లో సున్నా. జూలైలో ఒకటి. విభాగం పెట్టాక అరవై ఒకటి. సున్నాల పక్కన ఆ అరవై ఒకటి కోట బురుజులాగా నిలబడింది. ఛైర్మన్ దాన్ని చూసి చాలాసేపు నొచ్చుకున్నాడు.

"మీరు రాకముందు మనకు ఈ సమస్య లేదు మేడం" అన్నాడు.

ఆమె చెప్పబోయింది. చెప్పడానికి ఇడ్లీలు, మామిడికాయలు, నూలు కండెలు అన్నీ ఉన్నాయి. కానీ ఆ గదిలో వినేవాళ్ళు ఎవరూ లేరని గ్రహించి కూర్చుంది. విభాగాన్ని మూసేశారు. తప్పులు వెంటనే మళ్ళీ సున్నాకు వచ్చాయి. చక్రధర్‌కు శాలువా కప్పారు. ప్రసన్నకుమారిని ఎక్కడ వేయాలో తేలే వరకు యూనిఫారాల కొలతలు రాసుకోమన్నారు. ఆమె రెండు రోజులు పిల్లల నడుములు కొలిచి, మూడో రోజు రాజీనామా ఇచ్చింది.

ఆ రోజు బస్సు దిగి అంగడికి పోయి ప్రతాప్‌కు సంగతి చెప్పింది. అతను మేడ మీద గదిలో పేర్చి ఉన్న కాగితం కట్టలు కిందికి దించడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, నువ్వు ఇంట్లో ఊరికే కూర్చుంటే నా అంగట్లో బోర్డులన్నీ దిద్దుతావు, పైన ట్యూషన్ పెట్టుకో అన్నాడు. సాయంత్రానికి చాపలు పరిచాడు.

మొదట వచ్చింది రూపశ్రీ. వాళ్ళ ఇల్లు చంద్రగిరిలోనే. మునికృష్ణ కూతుర్ని మెట్ల దగ్గర దింపి, పైకి రాకుండానే మండీకి పోయాడు. పన్నెండేళ్ళ పిల్ల వాకిట్లోనే ఆగి, సంచీ కూడా దించకుండా మాట్లాడింది.

"మేడం, మీరు మా నాయన చేత అందరి ముందర నాది తప్పని చెప్పించినారు. బళ్ళో అందరూ నన్ను పదహారు కాయల రూపశ్రీ అంటాండారు."

ప్రసన్నకుమారికి తన పొరపాటు అప్పుడు తెలిసింది. సమావేశంలో తాను ముప్పై ఒక్కమందిని గురించి ఆలోచించింది, ఈ ఒక్కదాన్ని గురించి ఆలోచించలేదు. పిల్ల ముందర కింద కూర్చుని, నాదే తప్పు, నిన్ను ముందుగా పిలిచి చెప్పి ఉండాల్సింది అంది. నీకు నేర్పింది తప్పయితే నువ్వు రాసింది నీ తప్పు కాదని కూడా చెప్పింది. రూపశ్రీ కళ్ళు తుడుచుకుంది గానీ చల్లబడలేదు.

"అయితే లోపల మైనస్ ఎందుకు ప్లస్ అయితాదో చెప్పండి. అంతే అని మాత్రం చెప్పొద్దు" అంది.

ఆ పూట ట్యూషన్ రెండు గంటలనుకున్నది మూడున్నర గంటలు సాగింది. పిల్ల ఒప్పుకోకుండా మళ్ళీ మళ్ళీ అడిగింది. మొదట మామిడికాయలతో, తర్వాత సంఖ్యలతో, ఆ తర్వాత తనంతట తానే ఒక ప్రశ్న తయారుచేసుకుని, x దగ్గర మైనస్ రెండు పెట్టి సరిచూసుకుని, అప్పుడు తల ఊపింది. తన నోట్సు తానే దిద్దుకుంటానని ఎర్ర పెన్ను అడిగి తీసుకుంది. నెల తిరిగేసరికి చాపల మీద పదిహేడు మంది పిల్లలయ్యారు. వాళ్ళలో పది మంది పగలు గగనశిఖరలో చదివేవాళ్ళే. పరీక్షల్లో కీకి ఏం కావాలో అది రాసి నాలుగు మార్కులు తెచ్చుకునేవాళ్ళు, సాయంత్రం ఇక్కడికి వచ్చి అసలు జవాబు చేసి చూసుకునేవాళ్ళు. అట్లా రెండు రకాలుగా బతకడం ఆమెకు నచ్చలేదు. వద్దని ఒకటి రెండుసార్లు చెప్పింది కూడా. పిల్లలు ఆమె కంటే లోకం తెలిసినవాళ్ళు.

సంక్రాంతి సెలవుల ముందు ఒక సాయంత్రం చక్రధర్ వచ్చాడు. స్కూటర్ కోట వైపు సందులో పెట్టి, అంగడి ముందు నుంచి కాకుండా పక్క మెట్ల మీదుగా ఎక్కాడు. వెంట ఆయన కూతురు స్రవంతి, ఏడో తరగతి. పిల్లను గగనశిఖరలో చేర్పించలేదని, ఊళ్ళో సర్కారు బడికి పంపుతున్నానని, ఈ సంగతి తిరుపతిలో ఎవరికీ తెలియదని నీళ్ళు నములుతూ చెప్పాడు.

"లెక్కల్లో రవ్వంత వెనకబడి ఉండాది మేడం. నేనే ఇంట్లో చెప్తా ఉన్నా" అన్నాడు.

ప్రసన్నకుమారి పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని 7 − 3(x − 2) అని రాసి ఇచ్చింది. స్రవంతి చకచకా రాసింది. మొదట ఏడులోంచి మూడు తీసేసి నాలుగు చేసింది, ఆ నాలుగుతో x ను ఒక్కదాన్నే గుణించి, మైనస్ రెండును అట్లే దించింది. 4x − 2.

"ఇట్ల ఎవరు చెప్పినారు?" అని అడిగింది ప్రసన్నకుమారి.

"మా నాయన."

చక్రధర్ కిటికీలోంచి కొండ వైపు చూడసాగాడు. రూపశ్రీ పక్కకు జరిగి స్రవంతికి చాప మీద చోటిచ్చి, తన ఎర్ర పెన్ను ఆమె వైపు తోసింది. దాంట్లో తప్పు ఒక చోట కాదు, రెండు చోట్ల ఉండాది, నువ్వే వెతుక్కో అని చెప్పింది. x దగ్గర రెండు పెట్టి చూడమంది.

స్రవంతి పెట్టి చూసింది. ప్రశ్నకు ఏడు వచ్చింది, తన జవాబుకు ఆరు వచ్చింది. పిల్ల ఆ రెండు అంకెల వైపూ కాసేపు చూసి, తండ్రి వైపు ఒకసారి చూసి, మళ్ళీ మొదటి గీత దగ్గరికి పోయింది.

చక్రధర్ జేబులోంచి డైరీ తీశాడు. క్లాసు ఎన్ని గంటలకు అయిపోతుంది మేడం, ఈ పాఠానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, వచ్చి తీసుకుపోవాలి కదా అని అడిగాడు.

"చెప్పలేం సార్" అంది ప్రసన్నకుమారి. "కూర్చోండి."

ఆయన డైరీ చేతిలోనే పట్టుకుని, చెప్పులు విడిచి, పిల్లల వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు.